చీటీ డబ్బులతో వంటగది

"అంతా బానే ఉందమ్మాయ్, ఇందులో రోలెక్కడ పెడతాం?" అన్నారు మా అత్తగారు.

ఆవిడ చూస్తున్నది మాడ్యులర్ కిచెన్ కంపెనీ కుర్రాడు నా ఫోనుకి పంపిన బొమ్మ. ముదురు నీలం తలుపులు, తెల్ల రాయి గట్టు, పైనుంచి వేలాడే మూడు దీపాలు. గట్టు మీద ఓ గిన్నెడు నిమ్మకాయలు తప్ప ఇంకేమీ లేవు. పోపుల డబ్బా లేదు, నూనె సీసా లేదు, తడిగుడ్డ లేదు. ఆ గదిలో ఎవరూ అన్నం వండుకోరని చూడగానే తెలిసిపోతోంది. కింద వేసిన అంకె 3,20,000. అది చూశాక రోలు గురించి ఆలోచించాల్సిన పని తప్పింది.

మాది రాజమండ్రి. దానవాయిపేటలో మామగారు 1989లో కట్టించిన డాబా ఇల్లు. వంటగది పది అడుగులు, ఎనిమిది అడుగులు. తూర్పు గోడ పొడవునా, దక్షిణం గోడకి సగం దాకా కడప రాయి గట్టు. గట్టు కింద నిలువు బండలు పెట్టి చేసిన గూళ్ళు, వాటికి తలుపుల్లేవు. పైన మూడు వైపులా సిమెంటు అటక. గట్టు వెనక రెండడుగుల ఎత్తున తెల్ల టైల్స్. తెల్లవి అన్నది బిల్లులో ఉన్న మాట, గోడ మీద మాత్రం పాలు తక్కువైన టీ రంగులో ఉండేవి. 2015 గోదావరి పుష్కరాలకి చుట్టాలొస్తారని ఇల్లంతా రంగులు వేయించాం. వంటగదికి మాత్రం "లోపలికొచ్చి ఎవరు చూస్తార్లే" అని జిడ్డు మీదే ఒక పూత పూయించి ఊరుకున్నాం. ఆ పన్నెండు రోజులూ వచ్చిన ఆడవాళ్ళందరూ కూర్చున్నది ఆ గదిలోనే. మళ్ళీ 2027లో పుష్కరాలు. ఈసారైనా ముందే మేల్కోవాలనుకున్నాను.

చేతిలో ఉన్నది యాభై వేల చీటీ పాడితే వచ్చిన 42,000. దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకూడదని మా ఆయనా నేనూ ఒట్టేసుకున్నాం. అత్తగారి షరతు ఒక్కటే, పొయ్యి కదపకూడదు. ఆగ్నేయం మూల, తూర్పు ముఖంగా నిలబడి వండటం ఆవిడకి ముప్ఫై అయిదేళ్ళ అలవాటు. వాస్తు మాట దేవుడెరుగు, ఆ షరతు నాకూ కలిసొచ్చింది. పొయ్యో సింకో కదపాలంటే గట్టు పగలగొట్టాలి, గట్టు పగిలితే గచ్చూ పగులుతుంది, అక్కణ్ణుంచి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక్కడ నా పాత నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది ఆన్‌లైన్లో చలవరాయి బొమ్మ అచ్చేసిన అంటించే కాగితం కొన్నాను. వెనక జిగురు, పైన రేకులాంటి పొర. పదకొండు వందలు పెట్టి పొయ్యి వెనక టైల్స్ మీద అంటించాను. మొదటి నెల చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండో నెలకి వేడికి అంచులు లేచాయి. లేచిన సందుల్లోకి నూనె తుంపర్లు దూరాయి, నూనె వెనకే బొద్దింకలు వచ్చాయి. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం దాన్ని పీకుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "నీ చలవరాయి కింద ఎంత సంసారం ఉందో చూశావా" అన్నారు. కాగితం ఊడింది గానీ జిగురు ఊడలేదు. దాన్ని వదిలించడానికి కొబ్బరినూనె రాసి, ఒక పూట నాననిచ్చి, పాత ఏటీఎం కార్డుతో గీకాను.

ఆ గీకుడు అయ్యాక ఒక నిర్ణయానికి వచ్చాను. వారం రోజుల పాటు ఏమీ కొనను, ఊరికే చూస్తాను. ఒక శనివారం పొద్దుట కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా చీటీ లెక్కల పుస్తకం వెనక పేజీలో గీతలు గీశాను. అత్తగారు ఎన్నిసార్లు వంగారు, ఎన్నిసార్లు స్టూలెక్కారు, నేను ఎన్నిసార్లు "అదెక్కడుంది అత్తయ్యా" అని అడిగాను. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆ రోజు ఆవిడ ఇరవై మూడుసార్లు వంగారు. అందులో ఎక్కువ భాగం రెండే వస్తువుల కోసం. బియ్యం డబ్బా, కుక్కరు. రెండూ గట్టు కింద గూట్లో అట్టడుగున, వెనక్కి ఉండేవి. ముందు వరసలో ఏముంది? నెలకోసారి తీసే మురుకుల గొట్టం, పెళ్ళిలో వచ్చిన ఫ్లాస్కు, ఏనాడూ తియ్యని కేకు గిన్నె.

ఇంకొకటి కూడా కనిపించింది. ట్యూబ్‌లైటు పడమటి గోడకి ఉంది, మేం తూర్పుకి తిరిగి నిలబడతాం. అంటే దీపం ఎప్పుడూ మా వీపు మీదే. కూరలు తరిగే చోట మా నీడే పడుతుంది. ముప్ఫై అయిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆడవాళ్ళు తమ నీడలోనే కూర తరుగుతున్నారు.

ఇక ఖాళీ చెయ్యడం. వంటని పెరటి వరండాలోకి మార్చాం. ఒక బల్ల, దాని మీద రెండు బర్నర్ల స్టవ్, పక్కన పాత కుళాయి. రోలుని మా ఆయన, పక్కింటి అబ్బాయి, ఇంకో ఇద్దరు కలిసి గోనెసంచి మీద పెట్టి వరండాలోకి లాగారు. అటక మీద సామాను దించడానికి రెండు రోజులు పట్టింది. పదకొండు ఖాళీ హార్లిక్స్ సీసాలు, మూతల్లేని నాలుగు టిఫిన్ క్యారేజీలు, మామగారి కాలం నాటి కిరోసిన్ స్టవ్, నాలుగు జాడీలు, ఒక ఇత్తడి గుండిగ, అడుగు మాడిన మూడు కుక్కర్లు. ఇత్తడి జోలికి వెళ్ళొద్దన్నారు అత్తగారు. అది ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. మిగతా అల్యూమినియం, ఇనుము పాతసామాన్లవాడికి వేస్తే 1,850 వచ్చాయి. అటక సగం ఖాళీ అయ్యింది. ఇంకా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే గది పెద్దదైనట్టు అనిపించింది.

తర్వాత జిడ్డు. వంటగది జిడ్డంటే నూనె ఒక్కటే కాదు. తాలింపు పొగ, పిండి, దుమ్ము అన్నీ కలిసి ఏళ్ళ తరబడి పొర మీద పొరగా పేరుకున్న బంక. గిన్నెలు తోమే సబ్బు దాన్ని ముట్టుకోను కూడా లేదు. అత్తగారు చెప్పినట్టు బకెట్ మరిగే నీళ్ళలో మూడు గుప్పెళ్ళు చాకలి సోడా వేసి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, గుడ్డ ముంచి గోడ మీద పరిచినట్టు అంటించి అయిదు నిమిషాలు వదిలేశాను. గుడ్డ తీసేసరికి పొర మెత్తబడి గోధుమ రంగులో కిందికి కారుతోంది. కింద నుంచి పైకి తుడవాలట. పైనుంచి మొదలుపెడితే కారిన చారలు పొడి గోడ మీద నిలిచిపోతాయి. ఇదీ అత్తగారి మాటే. సీసాల జిడ్డుకి మాత్రం ఆవిడ శీకాయ పొడే వాడారు.

ఎగ్జాస్ట్ ఫ్యాను దగ్గర నేను ఒక మధ్యాహ్నమంతా గడిపాను. రెక్కల మీద జిడ్డు తేనెపట్టు మైనంలా గడ్డకట్టింది. అట్లకాడతో తీస్తే పెచ్చులుగా ఊడింది. ఒక్కో రెక్కా సోడా నీళ్ళలో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో మూలలు తోమి, ఎండలో ఆరబెట్టాను. లోపల కంపెనీ పేరు కూడా కనిపించింది. ఎంతో గర్వంగా తీసుకెళ్ళి ఎలక్ట్రీషియన్‌కి ఇస్తే, ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపి, "బుష్ అరిగిపోయిందండి మేడమ్, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ముందు అడిగి తర్వాత తోమాల్సింది. అదే సోడా నీళ్ళలో అల్యూమినియం ఇడ్లీ రేకులు కూడా పడేశాను. తీసేసరికి నల్లగా బొగ్గులయ్యాయి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుందని అప్పుడు తెలిసింది. చింతపండు నీళ్ళలో మరిగించి తోమితే సగం రంగు వచ్చింది.

ఇడ్లీ రేకులతో పోయిందనుకుంటే అసలు దెబ్బ తర్వాత తగిలింది. గచ్చు కడగడానికి సాయం వచ్చిన కుర్రాడికి బాత్రూములో వాడే యాసిడ్ సీసా నేనే ఇచ్చాను. నేలకి వాడిన చేత్తోనే వాడు గట్టు మీద కూడా కాస్త పోశాడు. బుసబుసమని తెల్లటి నురగ వచ్చింది. "మురికంతా వదిలిపోతోందండి" అని సంబరపడ్డాడు, నేనూ పడ్డాను. నీళ్ళు కొట్టి చూస్తే నల్లటి గట్టు మీద బూడిద రంగు మచ్చలు, పటంలో దీవుల్లాగా. ఆరే కొద్దీ ఇంకా తెల్లబడ్డాయి. మురికి కాదు, రాయే కరిగింది.

రాయి పాలిష్ చేసే ఆయన వచ్చి చూసి చిన్నగా నవ్వాడు. "ఇది గ్రానైట్ కాదమ్మా. కడప రాయి సున్నపు జాతి. యాసిడ్ దాకా ఎందుకు, నిమ్మకాయ పిండి వదిలేసినా మచ్చ పడిపోద్ది" అన్నాడు. అప్పుడు మా ఇద్దరి చూపూ ఒకే చోటికి వెళ్ళింది. పొయ్యికి ఎడం పక్కన, జానెడు వెడల్పున ఎప్పటి నుంచో ఒక పాలిపోయిన గుండ్రటి మచ్చ ఉంది. అది రాయిలోనే ఉన్న లోపమని మామగారు అప్పట్లో బండలమ్మినవాడితో తగువు కూడా పడ్డారట. అది అత్తగారు రోజూ చింతపండు గిన్నె పెట్టే చోటు. ఆవిడ ఆ మచ్చ మీద వేలు పెట్టి, "పాపం, వాణ్ణి ఊరికే తిట్టారు" అన్నారు.

మిషను పెట్టి గరుకు రాయి నుంచి నున్న రాయి దాకా మార్చుకుంటూ, నీళ్ళు పోస్తూ, నాలుగు గంటలు పట్టింది. గదంతా నల్లటి బురద చిమ్మింది. ఇంకా గోడలకి రంగు వెయ్యలేదు కాబట్టి బతికిపోయాం. 2,800 తీసుకున్నాడు. లెక్కలో లేని ఖర్చు. అయితే మచ్చలతో పాటు ముప్ఫై అయిదేళ్ళ గీతలూ పోయాయి. చివర్లో గుడ్డతో నూనె పట్టించేసరికి గట్టు కొత్త పలకలా నల్లగా తేలింది. ఆ తర్వాత చింతపండు గిన్నె కింద పళ్ళెం పెట్టడం మొదలుపెట్టాం.

ఇంతలో రంగులాయన వచ్చాడు. నిజానికి ఆయన్ని చాలా ముందే పిలిచేశాను. సింకు కింద గోడ మీద వేలితో నొక్కితే సిమెంటు పిండిలా రాలింది. "ఇక్కడ నేను లప్పం పెట్టి రంగేస్తానండి, ఆర్నెల్లకి ఉబ్బుద్ది, మీరు మళ్ళీ నన్నే తిడతారు. ముందు నీళ్ళ సంగతి చూసుకోండి" అని నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి కోపమొచ్చింది. ఇప్పుడు ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పుష్కరాలప్పుడు వేసిన పూత అక్కడే ఎందుకు పొట్టులా లేచిందో, ఆ గూట్లో పెట్టిన చెక్క పెట్టెకి చెద ఎందుకు పట్టిందో ఆయన ఒక్క వేలితో తేల్చేశాడు.

ప్లంబరు సింకు అడుగున కప్లింగ్ విప్పితే రబ్బరు వాషరు ముక్కలుగా ఊడింది. గిన్నెలు కడిగినప్పుడల్లా చుక్క చుక్కగా వెనక్కి జారి, గోడ లోపలికే ఇంకుతోంది. బయటికి కనిపించే కారుడు కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కప్లింగు, వేస్టు పైపు, రెండు యాంగిల్ కాక్‌లు, మెడ తిరిగే కొత్త పంపు, కూలీ అన్నీ కలిపి 3,650. సింకు మార్చమన్నాడు, నేను ఒప్పుకోలేదు. స్టీలు బాగానే ఉంది, నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి తోమితే బోరు నీళ్ళ తెల్ల చారలు పోయాయి. తోముతున్నంత సేపూ ఒక్క చుక్క గట్టు మీద పడకుండా కాపలా కాశాను.

మేస్త్రి వచ్చి పాడైన పూత రెండడుగుల మేర చెక్కేసి, నీరు పీల్చని మందు కలిపి కొత్తది పూశాడు. 1,800. ఆ గోడ ఆరడానికి పన్నెండు రోజులు ఆగాం. ఊరికే ఆగడమే కష్టమైన పని. రోజుకి రెండుసార్లు వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేదాన్ని, జ్వరం చూసినట్టు.

ఈ పన్నెండు రోజుల్లో కరెంటు పని, టైల్స్ పని అయ్యాయి. ఒకే ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ పెట్టి మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్ లాగుతున్నాం ఇన్నేళ్ళూ. ప్లగ్గు బల్ల వెనక తీగ ముదురు గోధుమ రంగుకి మాడి ఉంది. అది చూశాక కాళ్ళు చల్లబడ్డాయి. మీటరు దగ్గర నుంచి వంటగదికి వేరే లావు తీగ, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), రెండు పదహారు ఆంపియర్ల ప్లగ్గులు వేయించాం. గోడ గాడి కొడితే మళ్ళీ మేస్త్రి కావాలి కాబట్టి పైన తెల్ల ప్లాస్టిక్ పట్టీలోంచే తీగ లాగమన్నాను. అందంగా ఉండదని ఎలక్ట్రీషియన్ అన్నాడు. అటక నీడలో ఎవరికీ కనిపించదు. అదే అటక అంచు కింద, మా ముందు వైపున, గట్టు పొడవునా సన్నటి ఎల్ఈడీ పట్టీ దీపం పెట్టించాను. అన్నీ కలిపి 7,900. కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను 1,950.

ఆ దీపం మొదటిసారి వేసిన సాయంత్రం అత్తగారు చేటలో కందిపప్పు తెచ్చి గట్టు మీద పెట్టుకుని చూశారు. కాసేపటికి, "ఏవిటే ఇన్ని బెడ్డలు! ఇన్నాళ్ళూ ఎన్ని తిన్నామో" అన్నారు. గోడకి రంగు లేదు, గూళ్ళకి తలుపుల్లేవు, గది సగం పనిలో ఉంది. అయినా ఆ సాయంత్రమే మా వంటగది కొత్తదయ్యింది.

టైల్స్ మార్చలేదు. మూడు పగిలినవి ఉన్నాయి. వాటికి జత దొరకదని ముందే తెలుసు, అందుకని దుకాణంలో మిగిలిపోయిన నీలం పువ్వుల టైల్స్ మూడు తెచ్చి అక్కడ పెట్టించాను. ఇప్పుడు అందరూ కావాలనే అలా పెట్టించామనుకుంటారు, నేనూ అవుననే అంటున్నాను. మిగతావి తోమాక తెల్లగానే వచ్చాయి. గదిని పాతగా చూపించేది టైల్ కాదు, టైల్‌కీ టైల్‌కీ మధ్య నల్లబడ్డ సందు. ఒక ఆదివారం నేనూ మా ఆయనా హాక్సా బ్లేడు ముక్కలతో ఆ సందుల్లో పాత తెల్ల సిమెంటు గీకాం. రెండు చదరపు గజాలు గీకేసరికి బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. తర్వాత ఆ సందులు నింపడానికి ఎపాక్సీ గ్రౌట్. రెండు రకాల జిగురు, ఒక పొడి, మూడూ కలపాలి. కలిపాక కాసేపటికే గట్టిపడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోమని పొట్లం మీద రాసి ఉంది. మా ఆయన కిలో పొట్లం మొత్తం ఒకేసారి స్టీలు గిన్నెలో కలిపేశారు. సగం గోడకి పూసేసరికి గిన్నెలోది రాయి అయ్యింది. గరిటె కూడా అందులోనే నిలబడిపోయింది. అది అత్తగారి పెరుగు గిన్నె. రెండో కిలో గుప్పెడు గుప్పెడు కలుపుకుంటూ, ఒకరు పూస్తుంటే ఒకరు వెనకే తడి స్పాంజితో తుడుచుకుంటూ వెళ్ళాం. వెంటనే తుడవని చోట టైల్ మీద పాల మీగడలా ఒక పొర ఇప్పటికీ ఉంది, పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది. గ్రౌట్, మూడు టైల్స్, బ్లేడ్లు కలిపి 2,400. గిన్నె ఖరీదు లెక్కలో వెయ్యలేదు.

గోడ ఆరింది, రంగులాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి వేలితో నొక్కి చూసి తలూపాడు. పాత పూత గీకి, రెండు సార్లు లప్పం, మధ్యలో గరుకు కాగితం, ప్రైమరు, ఆపైన కడిగినా పోని రకం ఎమల్షన్ రెండు చేతులు. సామాను 4,300, కూలీ 4,500. రంగు దగ్గర మాత్రం చిన్న యుద్ధం జరిగింది. నాకు తెలుపు కావాలి. అత్తగారికి లేత పసుపు. "పసుపు మరక పసుపు గోడ మీద కనపడదు, తెల్ల గోడని నువ్వు రోజూ తుడుస్తావా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. లేత పసుపే వేయించాం.

గట్టు కింద గూళ్ళకి వడ్రంగి అన్నింటికీ తలుపులు పెడతానన్నాడు. నేను రెండు గూళ్ళకి మాత్రం లాగే స్టీలు బుట్టలు చాలన్నాను. కడప బండకి రంధ్రం వేస్తే పగులుతుందని అతని భయం. అందుకని గూడు కొలతకి ప్లైవుడ్ పెట్టె చేసి లోపలికి దూర్చి, పట్టాలు ఆ పెట్టెకి బిగించాడు. ఒక బుట్టలో కుక్కరు, కడాయిలు. రెండో దాంట్లో బియ్యం డబ్బా, పప్పులు. నిలబడి కాలి బొటనవేలితో లాగినా బయటికి వస్తుంది. సింకు కింద నీళ్ళు తగిలే చోటు కాబట్టి చెక్క వద్దని పీవీసీ తలుపు పెట్టించాం. మొత్తం 7,900. గ్యాస్ సిలిండర్ ఉన్న గూడు మాత్రం తలుపు లేకుండానే వదిలేశాను. లీకైతే గ్యాస్ గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది. మూసిన గూట్లో అది ఎక్కడికి పోతుంది? వడ్రంగికి ఇది నచ్చలేదు, మిగతా వరసతో కలవదన్నాడు. కలవకపోతే మానె. సిలిండరు బయటికి తీసినప్పుడు నారింజ రంగు గొట్టం మీద తేదీ చూశాను. అయిదేళ్ళకోసారి మార్చాలి, మాది 2021లోనే గడువు దాటింది. కొత్తది 190 రూపాయలు. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే ముందు చెయ్యాల్సిందీ అదే. చేసింది మాత్రం చివర్లో.

చేతుల తొడుగులు, సోడా, బ్రష్షులు, బొద్దింకల జెల్ లాంటి చిల్లర ఖర్చు ఏడొందలు. అన్నీ కూడితే 38,090. పాతసామాన్ల డబ్బులు తీసేస్తే 36,240. చీటీ డబ్బుల్లో ఇంకా 5,760 మిగిలాయి. మొదలుపెట్టిన రోజు నుంచి ఇరవై ఆరు రోజులు పట్టింది. వాటిలో మనుషులు నిజంగా పని చేసినవి పదకొండు రోజులు. మిగతావి గోడ ఆరడం, మేస్త్రి రాకపోవడం, ప్లంబరు వాళ్ళ మేనకోడలి పెళ్ళి. యాసిడ్ సీసా నేను చేత్తో ఇవ్వకుండా, ప్లంబరు కంటే ముందు రంగులాయన్ని పిలవకుండా ఉంటే ఇంకో నాలుగు వేలూ వారం రోజులూ మిగిలేవి.

చెయ్యనివి చాలానే ఉన్నాయి. గచ్చు అదే పాత గచ్చు, గుమ్మం దగ్గర పగులు అలాగే ఉంది. గట్టు ఎత్తు ముప్ఫై ఒక్క అంగుళాలు. అత్తగారికి సరిగ్గా సరిపోతుంది, నాకు నడుము లాగుతుంది. గట్టు ఎత్తించడం అయ్యే పని కాదు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కతో నాలుగంగుళాల ఎత్తు పీట ఒకటి చేయించుకుని దాని మీద కూరలు తరుగుతున్నాను. ఆవిడ వంట చేసేటప్పుడు దాన్ని తీసి పక్కన నిలబెడతారు, నేను వెళ్ళి మళ్ళీ వేసుకుంటాను. దీనికి ఇద్దరమూ అలవాటు పడ్డాం.

మంచి రోజు చూసి పొయ్యి లోపలికి తెచ్చి పాలు పొంగించాం. సామాను సర్దేటప్పుడు అటక మీదికి జాడీలు, గుండిగ మాత్రమే ఎక్కాయి. ఏప్రిల్లో ఆవకాయకి కాయలు, నువ్వుల నూనె, కారం మిగిలిన చీటీ డబ్బులతోనే కొన్నాం.

అన్నీ లోపలికి చేరాక మా ఆయన, "రోలు తెచ్చేద్దామా? మళ్ళీ ఆ నలుగురినీ పిలవాలి" అన్నారు. రోలుకని దక్షిణం గోడ చివర రెండడుగుల చోటు వదిలాను, కొలిచి మరీ. అత్తగారు ఆ చోటు వంక ఒకసారి, వరండా వంక ఒకసారి చూశారు. ఇరవై ఆరు రోజులుగా ఆవిడ పచ్చళ్ళు రుబ్బుతున్నది ఆ వరండాలోనే. కరివేపాకు చెట్టు నీడలో, పక్కింటావిడతో గోడ మీద నుంచి మాట్లాడుతూ.

"అక్కడే ఉండనీరా, గాలొస్తోంది" అన్నారు.

ఆ రెండడుగుల చోటులో ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నాను.